విప్పేవాళ్ళ చరిత్ర

2021 తర్వాత మన పేపర్లలో 'తుక్కు' అనే మాటకి ప్రమోషన్ వచ్చింది. అంతకు ముందు దాన్ని ఎక్కువగా తిట్లలో వినేవాళ్ళం, 'తుక్కు రేగ్గొడతా' అన్నట్టు. ఆ ఏడాది ఫిబ్రవరి బడ్జెట్‌లో పాత వాహనాల స్క్రాపేజ్ విధానం ప్రకటించారు. ఆగస్టు 13న ప్రధాని దాన్ని లాంఛనంగా మొదలుపెట్టారు. ఇక అక్కణ్ణించి తుక్కు విధానం, తుక్కు కేంద్రం, తుక్కు కిందకి మార్చడం, ఇవే శీర్షికలు. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లు చెల్లకుండా పోయాయి. సొంత బండి ఉన్నవాళ్ళకి అంత కచ్చితం లేదు గానీ, పదిహేనేళ్ళు నిండగానే ఫిట్‌నెస్, రెన్యువల్ ఫీజు, గ్రీన్ ట్యాక్స్ అంటూ బండిని వదిలించుకోమని చెప్పే కాగితాలు ఒక్కొక్కటే వస్తాయి. అధికారిక కేంద్రంలో అప్పగించి సర్టిఫికెట్ తెచ్చుకుంటే కొత్త బండి రోడ్డు పన్నులో 25 శాతం దాకా, రవాణా వాహనమైతే 15 శాతం దాకా, రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది.

నాకు ఈ విధానంతో కన్నా ఆ మాటతో పేచీ. ఎందుకంటే పాత బళ్ళని విప్పి అమ్మే వాళ్ళెవరూ తాము అమ్మేదాన్ని తుక్కు అనరు. 'మాలు' అంటారు. పాత మాలు, మంచి మాలు, ఒరిజినల్ మాలు. తుక్కు అనే మాట వాళ్ళ నోట్లోనూ ఉంది, కానీ దాని హద్దు వేరు. విప్పిన గేర్‌బాక్స్‌ని గేర్‌బాక్స్‌గా అమ్మితే అది మాలు. అదే గేర్‌బాక్స్‌ని కాటా మీద పెట్టి కిలో ఇంతని అమ్మితే అది తుక్కు. ఇనుము అదే, మనిషి అదే. ముక్క రేటా, కిలో రేటా అన్నదొక్కటే తేడా. ఈ తేడా పట్టుకుంటే పాత బళ్ళ బజార్ల చరిత్ర మొత్తం ఒక గీత చరిత్రగా కనిపిస్తుంది. ముక్కకీ కిలోకీ మధ్య గీత ఏ కాలంలో ఎటు జరిగింది, ఎవరు జరిపారు?

ఈ ప్రశ్న పుట్టింది మాత్రం దారిలోనే. నా మిత్రుడి దగ్గర 1996 మోడల్ మారుతి 800 ఉంది. దానికి కార్బ్యురేటర్ సామాను, వెనక తలుపు అద్దం, ఇంకో నాలుగైదు చిల్లర వస్తువులు కావాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ, అక్కణ్ణించి చెన్నై, బెంగుళూరు, మళ్ళీ హైదరాబాద్. అయిదు రోజులు, పదహారు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఆగిన ప్రతి ఊళ్ళోనూ గుడికో బీచికో కాకుండా పాత బళ్ళు విప్పే చోటికే వెళ్ళాం.

*

విజయవాడ జవహర్ ఆటోనగర్‌ని ఆసియాలోనే పెద్దదని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ లెక్క ఎలా ఉన్నా, తెలుగుకి ఒక మాట ఇచ్చింది మాత్రం అదే. 1960లలో ఊళ్ళో రోడ్ల పక్కన చెల్లాచెదురుగా ఉన్న మెకానిక్ షెడ్లని శివారులో ఒకచోటికి చేర్చి కట్టిన పేట అది. ఆ తర్వాత గుంటూరులో, గాజువాకలో, హైదరాబాద్ వనస్థలిపురం పక్కన ఆటోనగర్లు వచ్చాయి. ఒక ఊరి పేట పేరు రెండు రాష్ట్రాల్లో జాతివాచకం అయిపోయింది. 'బండి ఆటోనగర్లో ఉంది' అంటే చాలు, ఏ ఊళ్ళో అని ఎవరూ అడగరు, విషయం అర్థమైపోతుంది.

విజయవాడే ఎందుకంటే జవాబు రోడ్ల మ్యాపులో ఉంది. మద్రాసు-కలకత్తా రోడ్డు, హైదరాబాద్-బందరు రోడ్డు కలిసేది అక్కడే. పాత నంబర్లలో 5, 9. ఇప్పుడు 16, 65. డెల్టా బియ్యం బయటికి పోవాలన్నా, బయటి సరుకు లోపలికి రావాలన్నా కృష్ణ దాటాలి. పెద్ద రైల్వే జంక్షన్ కూడా కావడంతో లారీలు అక్కడ ఆగుతాయి. ఆగిన లారీకి కమాన్ పట్టీ విరిగి ఉంటుంది, లేదా రేడియేటర్ కారుతుంటుంది. దాని చుట్టూ కమాన్ల వాళ్ళు, లేత్ పనివాళ్ళు, పంపులు కట్టేవాళ్ళు, బాడీ కట్టే వడ్రంగులు, టింకరింగ్ వాళ్ళు, పెయింటర్లు చేరతారు. బాగుచెయ్యడం కుదరని లారీ అక్కడే ఉండిపోతుంది. దాన్ని విప్పేవాళ్ళు చివర్న వస్తారు. మరమ్మతు పేటకి విప్పుడు పేట పెరటిదొడ్డి లాంటిది.

కానీ ఇది భూగోళం మాత్రమే. చరిత్ర ఇంకో దారిలో ఉంది.

స్వాతంత్ర్యానికి ముందే మన రోడ్ల మీద అమెరికన్ బళ్ళు బాగానే ఉండేవి. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో బిగింపు ఫ్యాక్టరీ పెట్టింది, తర్వాత ఫోర్డ్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం వదిలేసిన ట్రక్కులు, జీపులు వేలంలో అమ్ముడుపోయాయి. మన పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ వినపడే 'మిలిటరీ డిస్పోజల్' అన్న మాట అప్పటిది. ఆ ట్రక్కుల మీద బాడీలు కట్టి బస్సులుగా తిప్పారు. అంతలో విధానం మారింది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సు మీద, ఇక్కడ పూర్తిగా తయారుచేసే ఉద్దేశం లేని కంపెనీలకి దారి మూశారు. 1950ల మధ్యకల్లా జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ మూటాముల్లె సర్దుకున్నాయి. వాళ్ళు అమ్మిన బళ్ళు మాత్రం ఇక్కడే ఉన్నాయి. కొత్త సామాను రాదు. బండి ఆగకూడదు. అప్పుడు షెవర్లేకి సామాను దొరికే చోటు ఒక్కటే, ఇంకో చచ్చిపోయిన షెవర్లే.

ఈ పరిస్థితిని మన దేశంలో ఎవరికన్నా ముందు కళగా పట్టుకున్నది ఋత్విక్ ఘటక్ అనుకుంటా. 1958లో వచ్చిన 'అజాంత్రిక్'లో బిమల్ అనే డ్రైవరుకి జగద్దల్ అనే పాత షెవర్లే ఉంటుంది. అతను దానితో మాట్లాడతాడు, అలుగుతాడు, తన తిండి మానుకుని దానికి ఖర్చుపెడతాడు. చివరికి అది కదలనప్పుడు పాత ఇనుం వర్తకుడు వచ్చి కొనుక్కుపోతాడు. సినిమా గురించి రాసినవాళ్ళంతా మనిషికీ యంత్రానికీ ఉన్న ప్రేమ గురించే రాశారు. తప్పు లేదు. అయితే ఆ సినిమా వచ్చిన ఏళ్ళని పక్కన పెట్టుకుని చూస్తే, బిమల్ పిచ్చి అంత విడ్డూరంగా కనిపించదు. మార్చుకుందామంటే ఇంకో బండి దొరకని దేశంలో ఉన్నాడు అతను. చివర్లో కూడా ముక్క రేటు అయిపోయి కిలో రేటు మొదలయ్యే క్షణాన్నే ఘటక్ చూపిస్తాడు.

ఆ తర్వాతి ముప్పై ఏళ్ళు లైసెన్సుల కాలం. కారంటే అంబాసిడర్, ఫియట్. లారీ అంటే టాటా, లేలాండ్. స్కూటరు బుక్ చేస్తే ఏళ్ళ తరబడి ఎదురుచూపు. దీని గురించి మనం జోకులేసుకుంటాం గానీ, పాత సామాను బజారుకి అదే స్వర్ణయుగం. అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై 2014 దాకా కొద్ది మార్పులతో వస్తూనే ఉంది. అలాంటప్పుడు చచ్చిన ప్రతి బండీ బతికున్న వేల బళ్ళకి గోదాము. డోర్ హ్యాండిల్ దగ్గర్నించి డిఫరెన్షియల్ దాకా దేన్నీ కాటా దగ్గరికి పోనివ్వరు. గీత పూర్తిగా ముక్క వైపుకి జరిగిన కాలం అది. కొరత వల్ల పుట్టిన నైపుణ్యాన్ని మనం గొప్పగా 'జుగాడ్' అని పిలుచుకున్నాం. నాకు ఆ మాట అంత నచ్చదు. జుగాడ్ అంటే ఎలాగోలా నెట్టుకురావడం. ఆటోనగర్లో చూసింది అది కాదు, లెక్క తెలిసిన పని.

ఉదాహరణకి, మేం వెళ్ళిన షాపు పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. మా వాడు అడగకముందే,

"ఏం బండి బాబూ?" అన్నాడు.

"మారుతి 800, బాబాయ్. తొంభై ఆరు."

"కార్బ్యురేటర్ బండి. ఓమ్నీ ఇంజనూ అదీ ఒకటే, అందులో కూడా చూద్దాం ఉండు. ఒరిజినల్ కావాలంటే మాత్రం రెండు రోజులు ఆగాల."

కుర్రాణ్ణి లోపలికి పంపి, అది వచ్చేలోపు మాకు ఒక పాఠం చెప్పాడు. జిప్సీకీ ఎస్టీమ్‌కీ ఇంజను ఒకే కుటుంబం. అంబాసిడర్‌కి పెట్టిన ఇసుజు ఇంజనే కాంటెస్సాకీ పెట్టారు. స్విఫ్ట్ డీజిల్, ఇండికా విస్టా, ఫియట్ పుంటో, మూడు పేర్లూ మూడు కంపెనీలు, ఇంజను మూలం ఒకటే, ఫియట్‌ది. ఏ బండిలో ఏది పడుతుంది, ఏది ఒక చిన్న బ్రాకెట్ మార్చితే పడుతుంది, ఏది పట్టినట్టే పట్టి ఆర్నెల్లలో పోతుంది. ఇదంతా కాగితం లేకుండా, టీ తాగుతూ.

*

చెన్నైలో ఎగ్మూర్ స్టేషన్ దగ్గర, కూవం నది పక్కన పుదుపేట ఉంది. మేం చూసిన వీధుల్లో పద్ధతి ఇది. ఒక షాపులో బంపర్లు మాత్రమే. ఇంకో షాపులో హెడ్‌లైట్లు మాత్రమే. ఒకాయన జీవితమంతా స్టీరింగ్ రాడ్లే అమ్ముతున్నాడు. బండి మొత్తం ఎవరి దగ్గరా ఉండదు, వీధి మొత్తం కలిపి ఒక బండి. మా అద్దం దొరికింది ఇక్కడే. అమ్మినాయన మా నంబర్ ప్లేటు చూసి తెలుగులోకి మారిపోయాడు. చిత్తూరు వైపు యాస.

చెన్నై తమిళంలో ఇలాంటి కొట్టుని 'కాయలాన్ కడై' అంటారు. దక్షిణాన కాయల్‌పట్టినం నుంచి వచ్చిన వర్తకుల వల్ల ఆ పేరు వచ్చిందని చెప్తారు. నాకు మాత్రం అక్కడ నిలబడగానే ఇంకో మాట గుర్తొచ్చింది. పాత తెలుగు పుస్తకాల గురించి చదివేవాళ్ళకి 'గుజిలీ ప్రతి' అనే మాట పరిచయమే. చవక కాగితం మీద, తప్పుల తడకగా అచ్చేసి వీధుల్లో అమ్మిన పుస్తకం. అందులోని గుజిలీ మద్రాసులోని గుజిలీ బజారు. పాత సామాన్లు, చవక సరుకులు సాయంత్రాలు అమ్ముడుపోయే చోటు. ఉర్దూలో గుజ్రీ అంటే సాయంత్రం దారి పక్కన పెట్టే అంగడి. బెంగుళూరు వెళ్ళాక చూస్తే శివాజీనగర్లో పాత బళ్ళ సామాను దొరికే చోటుని 'గుజరీ' అంటున్నారు. కన్నడంలో గుజరీ అంటే ఏకంగా తుక్కు సామాను. గుజ్రీ, గుజిలీ, గుజరీ ఒకే ఇంటి పిల్లలని నా అనుమానం. నేను భాషా శాస్త్రవేత్తని కాను, అనుమానంగానే వదిలేస్తున్నా. కానీ మన సాహిత్య చరిత్రలో ఒక పుస్తకం స్థాయిని తక్కువచేసి చెప్పడానికి వాడిన మాట పాత సామాన్ల బజారు నుంచి వచ్చిందన్నది మాత్రం ఆలోచించదగ్గదే. ఆ గుజిలీ ప్రతుల వల్లే ఎన్ని పాటలు, కథలు ఇవాళ్టిదాకా మిగిలాయో పాత పుస్తకాలు వెతికేవాళ్ళకి తెలుసు.

సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ కూడా ఆ కుదురుదే. బ్రాడ్‌వే దగ్గర వీధుల్లో అమ్ముకునేవాళ్ళకి ఒక కప్పు కింద చోటివ్వాలని కార్పొరేషన్ అధ్యక్షుడు సర్ జార్జ్ మూర్ పేరు మీద కట్టారు, 1900లో తెరిచారు. పాత పుస్తకాలు, పాత గ్రామఫోన్లు, పాత అన్నీ. మద్రాసులో ఉన్న తెలుగు రచయితలకీ, సినిమావాళ్ళకీ అది లైబ్రరీ. 1985 మే 30న తగలబడిపోయింది. ఆ స్థలంలో ఇప్పుడు లోకల్ రైళ్ళ స్టేషన్ భవనం ఉంది. పుస్తకాల బజారు పోయినప్పుడు దాని గురించి రాయడానికి రచయితలున్నారు. తమిళంలోనూ తెలుగులోనూ జ్ఞాపకాలు దొరుకుతాయి. స్టీరింగ్ రాడ్ల వీధి పోతే ఎవరు రాస్తారు?

*

పక్కన అమెరికాని పెట్టి చూస్తే మన సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ పాత బళ్ళ దొడ్డి కొరత వల్ల పుట్టలేదు, మితిమీరి ఉండటం వల్ల పుట్టింది. ఫోర్డ్ మోడల్ టీ ఒక్కటే 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైంది. 1920ల నుంచి జనరల్ మోటార్స్ ఏటా మోడల్ మార్చడం అలవాటు చేసింది, పాతదాన్ని చూస్తే యజమానికే చిన్నతనంగా అనిపించాలని. 1960ల నాటికి ఊళ్ళ చివర, వాగుల పక్కన వదిలేసిన కార్లు పెద్ద తలనొప్పయ్యాయి. 1965 అక్టోబరులో హైవే బ్యూటిఫికేషన్ చట్టం వచ్చింది. పెద్ద రహదారికి వెయ్యి అడుగుల లోపల ఉన్న పాత బళ్ళ దొడ్లు దారినపోయేవాళ్ళ కంట పడకుండా కంచె కట్టాలి. సమస్యని తీర్చకముందే తెర వేశారన్నమాట. అదే కాలంలో ష్రెడ్డర్ వ్యాపించింది. కారు మొత్తాన్ని మింగి పిడికెడు ముక్కలుగా కక్కే యంత్రం. అయస్కాంతంతో ఇనుముని వేరుచేసి ఉక్కు కొలిమికి పంపిస్తారు. గీత ఒక్కసారిగా కిలో వైపుకి జరిగిపోయింది.

అయినా అక్కడ ముక్క వ్యాపారం చావలేదు. దానికి ఒక పుస్తకం కారణం. 1934 నుంచి హాలండర్ ఇంటర్‌ఛేంజ్ మాన్యువల్ అనేది వస్తోంది. ఏ బండి సామాను ఏ బండికి పడుతుందో చెప్పే జాబితా. తర్వాత అది కంప్యూటర్లలోకి ఎక్కింది, దొడ్ల మధ్య సమాచారం ఇచ్చిపుచ్చుకునే వ్యవస్థ అయింది. ఆటోనగర్ పెద్దాయన టీ తాగుతూ చెప్పిన పాఠం అమెరికాలో అచ్చయి, అమ్ముడుపోయింది. ఇద్దరికీ తెలివిలో తేడా లేదు. ఒకరిది రాసుకున్నారు, ఇంకొకరిది రాయలేదు.

బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' అనే పుస్తకం రాశాడు. సాంకేతిక చరిత్రని ఎవరు ఏది కనిపెట్టారన్న దృష్టితో కాక, ఎవరు దేన్ని ఎంతకాలం ఎలా వాడారన్న దృష్టితో రాయాలంటాడు. అప్పుడు కథలోకి మరమ్మతు చేసేవాళ్ళు, పేద దేశాలవాళ్ళు వస్తారు. ఘనా దేశపు మోటారు మరమ్మతు పేటల గురించి అందులో రాశాడు. కుమాసీ నగరంలోని సువామే మ్యాగజీన్ అలాంటి పేటల్లో ప్రసిద్ధమైనది. దాని గురించి చదువుతుంటే నాకు మన ఆటోనగర్లే గుర్తొచ్చాయి. అక్కడ కనీసం మానవ శాస్త్రజ్ఞులు వెళ్ళి ఏళ్ళ తరబడి కూర్చుని రాసుకున్నారు. తెలుగులో ఆటోనగర్ గురించి నాకు దొరికినవి ఎక్కువగా పేపర్ కటింగులే. సమ్మెలు, ప్రమాదాలు, మంత్రుల పర్యటనలు.

*

ఇంతవరకూ చదివి, వీడు తుప్పుకి పాటలు కడుతున్నాడు అనుకోవచ్చు. కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి.

విప్పుడు పని మనుషుల్ని తింటుంది. మూడు ఊళ్ళలోనూ నేల నల్లగా, జిగటగా ఉంది. కాలిన ఇంజనాయిలు దశాబ్దాలుగా మట్టిలోకి ఇంకిన నేల అది. బ్యాటరీల్లో సీసం ఉంటుంది, పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్. గ్యాస్ కట్టింగ్ చేసే కుర్రాడికి కళ్ళద్దాలు లేవు, కాళ్ళకి హవాయి చెప్పులు. ఇంకా మీసాలు కూడా రాని పిల్లలు కనిపించారు. వయసెంతని అడిగితే జవాబు చెప్పేది వాళ్ళు కాదు, పక్కనున్న పెద్దవాళ్ళు.

2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురిలో జరిగింది అన్నిటికన్నా ఘోరం. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో 1985 నుంచి వాడకుండా పడి ఉన్న రేడియేషన్ పరికరం ఒకటి ఆ ఏడాది ఫిబ్రవరిలో వేలంలో పాత సామాను కింద అమ్ముడుపోయింది. అందులో కోబాల్ట్-60 ఉంది. మాయాపురిలో దాన్ని విప్పారు. ఎనిమిది మంది ఆస్పత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఈ ఘటనని చాలామంది పాత ఇనుం వాళ్ళ అజ్ఞానానికి ఉదాహరణగా చెప్తారు. వరస సరిగ్గా చూస్తే అజ్ఞానం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఆ పెట్టెలో ఏముందో తెలియాల్సినవాళ్ళు యూనివర్సిటీలో ఉన్నారు. తెలిసే అవకాశం లేనివాడు సుత్తి పట్టుకున్నాడు. వస్తువు చేతులు మారింది, సమాచారం మారలేదు.

ఇంకోటి దొంగతనం. మీరట్‌లోని సోతీగంజ్‌కి దేశమంతా దొంగిలించిన బళ్ళు గంటల్లో విప్పేస్తారని పేరు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2021లో కేసులు పెట్టి, ఆస్తులు జప్తు చేసి, డిసెంబరుకల్లా ఆ బజారుని మూయించారు. ప్రధాని ఒక సభలో దాని పేరెత్తి చెప్పేదాకా వెళ్ళింది. అక్కడ నిజాయితీగా బతికినవాళ్ళూ ఉండే ఉంటారు. కానీ ముక్క రేటు ఎక్కువగా ఉన్న చోట, ముక్క ఎక్కణ్ణించి వచ్చిందని అడిగే పద్ధతి లేనప్పుడు, దొంగ సొత్తు వచ్చి చేరుతుంది. ఆ మేరకు కొత్త నిబంధనలు మంచివే. అధికారిక కేంద్రంలో బండి తీసుకునే ముందు అది దొంగిలించిందా కాదా అని రికార్డుల్లో చూడాలి. ఆయిలు, గ్యాసు, బ్యాటరీ తీసే పద్ధతి ఉండాలి. 2025లో వచ్చిన నియమాలు, అమ్మిన బండి చివరి దశకి తయారీదారుని బాధ్యుణ్ణి కూడా చేశాయి.

అయితే ఈ కొత్త వ్యవస్థ లెక్కలన్నీ ప్రధానంగా ఉక్కులో ఉన్నాయి. ఎన్ని టన్నులు తిరిగి కొలిమికి చేరాయన్నదే కొలబద్ద. గీతని చట్టమే కిలో వైపుకి నెడుతోంది. ఇంకో పదేళ్ళు తిరగగల గేర్‌బాక్స్‌ని కరిగిస్తే ఇనుము మిగులుతుంది గానీ, దాన్ని గేర్‌బాక్స్‌గా చెయ్యడానికి పెట్టిన శ్రమ, శక్తి మొత్తం గాల్లో కలిసిపోతాయి. పర్యావరణం పేరు మీదే ఆ పని చెయ్యడం నాకు మింగుడుపడదు. షెడ్డుకి సిమెంటు నేల వేయించి, చేతికి గ్లవ్సులిచ్చి, కొనుగోలుకి రసీదు పెట్టించి, విప్పేవాణ్ణి విప్పనివ్వడం కూడా ఒక విధానమే. మేం మాట్లాడినవాళ్ళలో లైసెన్సు వద్దన్నవాళ్ళు లేరు. "అంత స్థలం, అంత మిషనరీ మేమెక్కణ్ణించి తెస్తాం సార్" అన్నవాళ్ళే అందరూ.

*

నిజానికి ముక్క వ్యాపారాన్ని చంపబోయేది ఈ విధానం కాదేమో. నా వృత్తి సాఫ్ట్‌వేర్ కాబట్టి ఈ మాట కాస్త ఇబ్బందిగానే రాస్తున్నా. చంపబోయేది మేమే.

1996 మారుతిలో ఏ సామానుకీ తను ఎవరి బండిలో ఉందో తెలీదు. బోల్టులు సరిపోతే పనిచేస్తుంది. ఇప్పటి కార్లో ఇంజన్ని నడిపే ఈసీయూకి తెలుసు. తాళంచెవిలో చిప్ ఉంటుంది, అది చెప్పే కోడ్‌ని ఇమ్మొబిలైజర్ పోల్చుకుంటేనే ఈసీయూ ఇంజన్ని స్టార్ట్ అవనిస్తుంది. దొంగతనం ఆపడానికి పెట్టిన ఏర్పాటు, మంచిదే. కానీ యాక్సిడెంటయిన బండిలోంచి తీసిన బంగారం లాంటి ఈసీయూని ఇంకో బండిలో పెడితే అది బొమ్మలా కూర్చుంటుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్నవాడే దానికి కొత్త యజమానిని పరిచయం చెయ్యగలడు. ఒకప్పుడు ఏది దేనికి పడుతుందో పెద్దాయన బుర్రలో ఉండేది. ఇకమీదట కంపెనీ సర్వర్లో ఉంటుంది.

ఇది ఇలాగే ఉండాలని రాసిపెట్టి లేదు. యూరోపియన్ యూనియన్ 2000లో తెచ్చిన పాత వాహనాల ఆదేశంలో, బండిని ఎలా విప్పాలో ఆ సమాచారాన్ని తయారీదారులే విప్పేవాళ్ళకి ఇవ్వాలని ఉంది. మన దగ్గర కూడా 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీలకి రెండున్నర వేల కోట్లకి పైగా జరిమానా వేసింది. విడి భాగాలు, మరమ్మతు సమాచారం, పరికరాలు బయటి మెకానిక్కులకి అందనివ్వడం లేదన్నది నేరం. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి. 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' మీద కమిటీ వేసింది, ఎంచుకున్న నాలుగు రంగాల్లో మోటారు వాహనాలు ఒకటి. ఈ చర్చలన్నీ బాగుచేసేవాళ్ళ హక్కు గురించి. విప్పేవాళ్ళ పేరు వాటిలో దాదాపు వినపడదు. వాళ్ళు విప్పకపోతే బాగుచేసేవాడికి చవకగా సామాను దొరకదన్న చిన్న విషయం ఎవరూ పట్టించుకోవట్లేదు.

చెయ్యగలిగిన పని ఒకటి కనిపిస్తోంది, ఖర్చు కూడా పెద్దగా లేనిది. తొంభై ఏళ్ళ కిందట అమెరికాలో మొదలెట్టినట్టు, మన బళ్ళకి మన ఇంటర్‌ఛేంజ్ జాబితా. అంబాసిడర్ నుంచి మొదలుపెట్టి, ఏ సామాను దేనికి పడుతుంది, ఏం మార్చితే పడుతుంది, చెప్పిందెవరు, ఏ ఊరు. ఆటోనగర్ యాసలోనే రికార్డు చేసుకుని, తెలుగులో రాసుకుని, ఎవరైనా చూసుకునేలా పెట్టాలి. మాండలికాల్లో పొలం మాటలు, చేనేత మాటలు సేకరించి వృత్తి పదకోశాలు వేసుకున్న భాష మనది. కమాన్ పట్టీల మాటలకి అందులో ఒక సంపుటం చోటు లేకపోదు. ఆ పని చెయ్యగల ఇంజనీర్లు ఈ పత్రిక పాఠకుల్లోనే పాతికమంది ఉంటారు. పెద్దాయనలు అంత ఎక్కువమంది లేరు.

శివాజీనగర్ గుజరీలో ఒక షాపు ముందు రెండు ప్లాస్టిక్ ట్రేల నిండా ఈసీయూలు కనిపించాయి. ఒక ట్రేలో ప్రతిదానికీ దాని ఇమ్మొబిలైజర్, దాని తాళంచెవి తీగతో కట్టి ఉన్నాయి. అవి సెట్టు రేటు, వేలల్లో. రెండో ట్రేలోవాటికి తాళంచెవులు లేవు. చూడ్డానికి ఒక్కదాని మీదా గీత కూడా లేదు. వాటి రేటు అడిగాం. షాపతను తలెత్తకుండా కాటా వైపు చెయ్యి చూపించాడు.